ఐదు కుక్కర్లు

యుద్ధం ముగిసిన మరుసటి చలికాలం. సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో, ఆ పాత రాతి ఇంట్లో శుక్రవారం మధ్యాహ్నం మళ్లీ కరెంటు పోయింది. కంపెనీలో ఎలక్ట్రీషియన్‌గా చేసే పెద్దాయన బ్రేకర్ ముందు నిలబడి చిర్రుబుర్రులాడుతున్నాడు. అదే రూములో ఉండే తాపీమేస్త్రీ పక్కకు వచ్చాడు.

"పెద్ద బ్రేకర్ పెట్టరాదే అన్నా, గీ తిప్పలు పోతయి."

"పెడ్త. గోడల తీగ కాలి, ఇల్లంటుకొని అందరం బుగ్గైతం. గప్పుడన్న కలిసుంటరేమో!"

"మరేం జెయ్యాలె?"

"ఐదుగురికి ఐదు రైస్ కుక్కర్లు, అన్ని ఒక్కపారే పెడ్తరు. బ్రేకర్ పడిపోక మీకు హారతి పడ్తదా? యుద్ధమప్పుడు అందరం ఒక్క గంజుల వండుకొని తిన్నం గదరా! పాణం మీదికస్తెనే కలుస్తరా? సిగ్గుండాలె."

"కోపం జెయ్యకన్నా. నా పప్పుల పులుపెక్కువైందని అలిగి, మొదలు కుక్కర్ కొనుక్కచ్చుకున్నది ఎవలు?"

పెద్దాయన బ్రేకర్ మీట మీద వేలు పెట్టి, తల తిప్పకుండానే అన్నాడు:

"నా కుక్కర్ పెద్దది. అందరి బియ్యం అండ్లనే పొయ్. మిగిలినయన్ని పీకెయ్."

"పప్పు నేను జెయ్యాల్నా?"

"చెయ్యి. చింతపండు మాత్రం నేనే ఏస్త. ఇంకో యుద్ధమచ్చినా నీకది చాతగాదు."