శ్రావణ శుక్రవారం, మైనస్ నాలుగు

మళ్ళీ అదే ప్రశ్నా? మూడోసారి కదమ్మా అడగటం! ముందు ఆ టీ తాగు. ఈ కాన్‌బెర్రా చలికి కప్పులో వంచేలోగానే చల్లారిపోతుంది.

తెలుగు అర్థమవుతుందన్నావుగా, చాలు. నువ్వు ఇంగ్లీషులోనే అడుగు, నేను తెలుగులో చెప్తా. పాతికేళ్ళు యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యాను గానీ, ఇలాంటివి చెప్పాల్సొస్తే నాకు తెలుగే వస్తుంది. మీ అమ్మగారూ అంతేనా? నవ్వకు, నిజం!

సరే, మొదట్నుంచీ రాసుకో. పేరు వసుంధర, అరవై నాలుగేళ్ళు. ఇల్లు నాదీ, మా ఆయన ద్వారకానాథ్ గారిదీ. మా మెట్టు మీద జారిపడ్డావిడ సయీదా, ఎదురింట్లో ఉంటుంది. కర్నూలు వాళ్ళు. పదకొండేళ్ళ స్నేహం మాది.

ఆవిడది చైల్డ్‌కేర్‌లో పని, పసిపిల్లల గదిలో. రోజంతా ఎత్తుకోవడం, దించడం. ఇప్పుడేమో తుంటి ఎముక విరిగి లోపల రాడ్డు వేశారు. ఇంక పిల్లల్ని ఎత్తడం కుదరకపోవచ్చన్నాట్ట డాక్టరు. ఒక్కతే మనిషి. ఆ ఉద్యోగం పోతే ఆవిడకి పొద్దు గడవదు, ఇల్లూ గడవదు.

ఈ క్లెయిమ్ కూడా తను వెయ్యలేదు, తెలుసా? సిడ్నీలో ఉన్న కూతురు అమ్రీన్ పట్టుబట్టి వేసింది. మా ఇంటికి ఇన్సూరెన్సు ఇచ్చిన మీ కంపెనీ నిన్ను పంపించింది. నువ్వొచ్చి నా ప్రాణం తీస్తున్నావు.

ఆ? అవునమ్మా, అర్థమైంది. పైనుంచి పట్టిన మంచు అయితే మా తప్పు కాదు, సయీదాకి ఏమీ రాదు. మేం పోసిన నీళ్ళు గడ్డకడితే తప్పు మాది, ఆవిణ్ణి మీరు చూసుకోవాలి. ఇంతేగా? దీనికి అన్ని పేజీలు రాశారేమిటి, ఖర్మ!

మా ఆయన ఫ్రాస్ట్ అనే, అంటే పైనుంచి పట్టిన మంచే అని చెప్పారు. ఆ పొద్దున మైనస్ నాలుగు, కార్ల అద్దాలన్నీ తెల్లబడి ఉన్నాయి అని. ఆయన అబద్ధమాడే మనిషి కాదు. ఆయనకి తెలిసింది ఆయన చెప్పారు.

ఏమిటలా పైకి చూస్తావు? వరండాకి కప్పుందా అంటే... ఉంది. కనపడుతూనే ఉందిగా. కప్పు కింద మెట్టుకి అంత మంచు ఎలా పట్టిందంటావు.

తెలివైనదానివే.

అబ్బా... అలిసిపోయానమ్మా ప్రియా. పదిహేను రోజులైంది, ముద్ద గొంతు దిగట్లేదు.

శ్రావణ శుక్రవారం ఆ రోజు. మీ ఇంట్లో చేస్తారా? చేస్తారు కదూ. మరి వాకిలి కడక్కుండా, గడపకి పసుపు రాయకుండా అమ్మవారిని లోపలికి ఎలా పిలుస్తాం, చెప్పు? తెనాలిలో మా అమ్మ కడిగేది, ఇక్కడ నేను కడుగుతున్నా. కాకపోతే అక్కడ ఐదు నిమిషాల్లో ఆరిపోతుంది. ఇక్కడ ఆస్ట్రేలియాలో ఆగస్టంటే చలికాలం, ఆరదు, గడ్డకడుతుంది.

మా ఆయన ఏటా చెప్తారు. 'నీళ్ళు పొయ్యకు వసూ, తడిగుడ్డతో తుడిస్తే చాలు, ఎవరన్నా జారిపడతారు' అని. సరే సరే అంటాను. పోయినేడు చేతిలో చెయ్యేసి మాటిచ్చాను కూడా.

తుడిస్తే కడిగినట్టవుతుందా, నువ్వే చెప్పు! ఆరింటికే లేచి, ఆయన ఇంకా ముసుగు తన్ని పడుకునుండగా, బకెట్టు నిండా నీళ్ళు పోశా. చీపురుతో మెట్టు మీదుగా కిందికి తోశా. పసుపు రాసి, బొట్లు పెట్టి, లోపలికొచ్చి పూజకి కూర్చున్నా.

ఏడున్నరకి సయీదా వచ్చింది, నా గిన్నె తిరిగిచ్చి డ్యూటీకి వెళ్దామని. ఉత్త గిన్నె ఎప్పుడూ ఇవ్వదు మహాతల్లి. ఖీరు పోసుకుని, రెండు చేతులా పట్టుకుని వచ్చింది.

దబ్బుమని చప్పుడు. 'యా అల్లా' అని కేక.

ఆగు, నువ్వు అడగక్కర్లేదు. నీళ్ళు నేనే పోశాను. రాసుకో. మా ఆయన అడిగితే లేదన్నాను, నమ్మారు పాపం. నువ్వడిగితే రెండుసార్లూ లేదన్నాను.

అదేమిటి, ల్యాప్‌టాప్ మూసేస్తున్నావు? అయిపోలేదు. కూర్చో.

తలుపు తీసి చూశా. కింద పడుంది. కాలు అదోలా తిరిగిపోయి ఉంది. మెట్టు నిండా ఐసు, గాజుపలక పరిచినట్టు. బాత్రూంలో మా ఆయన స్నానం చేస్తున్నారు, షవరు చప్పుడు వినిపిస్తోంది. ఇంకాసేపట్లో బయటికొస్తారు. చూసి, 'చెప్పానా లేదా' అంటారు. అదొక్కటే తట్టింది నా బుర్రకి. మనిషి నా గుమ్మంలో పడి మూలుగుతుంటే, అదొక్కటే!

లోపలికెళ్ళి కెటిల్ పెట్టా. అది మరిగేదాకా దాని పక్కనే నిలబడ్డా. ఫోను అక్కడే ఉంది, చేతికందేంత దూరంలో. ముట్టుకోలేదు. రెండుసార్లు కాచి పోశా మెట్టు మీద. పాత తువ్వాలుతో ఆనవాలు లేకుండా తుడిచేశా. అంబులెన్సు కోసం ట్రిపుల్ జీరోకి ఫోను ఆ తర్వాతే చేశా.

మా ఆయన వచ్చాక, ఇంకెవరూ జారకుండా ఫ్రాస్ట్ కరిగించానని చెప్పా. 'మంచి పని చేశావ్' అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాననుకో.

ఆవిడ చూస్తూనే ఉంది, ప్రియా. ఆ చలిలో, సిమెంటు మీద పడి, నేను చేసిందంతా చూస్తూనే ఉంది. అంబులెన్సు వాళ్ళకేమో, 'ఐసు చూసుకోలేదు, నాదే తప్పు' అంది. ఆస్పత్రికి వెళ్తే నా చెయ్యి పట్టుకుని, మీరు సరిగ్గా తింటున్నారా అని అడుగుతుంది. ఈ పదిహేను రోజుల్లో నన్నొక్క మాట అనలేదు.

ఆ రోజు మాత్రం ఒక మాటంది. రెండో కెటిల్ పట్టుకుని నేను మెట్టు మీదికి వంగితే, నొప్పికి పళ్ళు బిగించి, 'మెల్లిగా అక్కా, మీరూ జారతారు' అంది.

అదీ రాసుకో.