దాచిన తలనొప్పి

పొద్దున కుట్టుమిషను మీదే కళ్ళు తిరిగి పడిపోయిన తమ్ముడికి ఆసుపత్రిలో సెలైన్ ఎక్కుతోంది. వాడు కళ్ళు తెరిచేదాకా ఏడ్చిన అక్క, తెరవగానే తిట్లు లంకించుకుంది.

“నెల్నుంచీ తల పగిలిపోతోందని నొప్పి మాత్రలు కొంటున్నావటగా, మందుల షాపువాడు చెప్పాడు! డాక్టరు అడిగినప్పుడల్లా ‘బాగున్నానండీ’ అని ఇకిలించావెందుకురా?”

“నొప్పని చెబితే క్యాన్సర్ ఇంజెక్షన్ ఆపేస్తారని.”

“ఎవడు చెప్పాడు నీకు?”

“ఒకరు చెప్పాలా? నా పక్క కుర్చీలో ఇదే ఇంజెక్షన్ ఎక్కించుకునే మాస్టారు విరేచనాలవుతున్నాయని చెప్పారు. ఆయనకి ఆపేశారు. నెల తిరక్కుండా పోయారు.”

అక్క కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. కోపం మాత్రం దిగలేదు.

“అందుకని నొప్పి మాత్ర మింగి, మొహం కడుక్కుని, పెళ్ళికొడుకులా లోపలికెళ్ళేవాడివా? ఆ ఇంజెక్షన్ వల్లే మెదడు కింద పిట్యూటరీ గ్రంథి వాచిందట. ఒంట్లో సత్తువ నిలబెట్టే హార్మోను అడుగంటిందట. దానికి రోజూ మాత్ర వేసుకుంటే చాలట, ఇంజెక్షన్ ఆపక్కర్లేదట! చావు దాకా తెచ్చుకున్నావు కదరా, మొద్దువెధవా!”

“నువ్వు మాత్రం? మిషను మీద కునికితే సోమరిపోతునని మొహాన నీళ్ళు కొట్టలేదూ?”

“కొట్టాను! నోరు తెరిచి చెప్పుంటే కొట్టేదాన్నా?”

తెర జరిపి డాక్టరు తొంగిచూశాడు. “ఎలా ఉందయ్యా?”

“బాగున్...”

అక్క చెయ్యి మంచం పట్టీ మీద ఫెడీమని పడింది.

“తల పగిలిపోతోందండీ,” అన్నాడు తమ్ముడు. “ఇంజెక్షన్ మాత్రం ఆపకండి.”