పెద్దదేస్తే ఆడు, చిన్నదేస్తే ఆపు

1948 ఆగస్టు నెలాఖరు. లాలాగూడ రైల్వే క్వార్టర్లలో మేబెల్ ఇంటి ముందుగది. చాప మీద నాలుగు వైపులా పేక పంచి ఉంది; ఎదురుగా పక్కింటి నూర్‌బీ. సాయంత్రం అయిదింటికి జైలు సూపరింటెండెంటు బంగళాలో, ఆయన బేగంతో బ్రిడ్జి ఆట; అందుకే ఈ సాధనలో పక్క రెండు చేతులూ బేగంవీ, ఆమె జోడీవీ అనుకుని ఆడుతున్నారు. మూడు కావస్తోంది, మేబెల్‌కు ఇంకా ఆసు వదలబుద్ధి కావడం లేదు.

"గదేందీ? ఆసు చేతిల ఉండంగ పది ఏస్తవా?"

"ముందుముందు పనికొస్తుందని ఉంచానక్కా."

"ఉంచినవ్! ఆసు ఏమన్న ఆవకాయనా, ఏడాదంత ఉంచుడుకు? నేను ఆఠీను మొదలుపెట్టిన. అంటే ఏంది?"

"మీ దగ్గర ఆఠీన్లు బలంగా ఉన్నాయని."

"మరి? ఆసు కొట్టి, మళ్ళ ఆఠీనే నా దిక్కు తిప్పాలె. నువ్వు దాసుకుంటివి, బేగం జాకీతోని పట్టు పట్కపాయె. జాకీతోని!"

"మళ్ళీ పంచుతాను."

"పంచుడు కాదు, చెప్పు. తొమ్మిది పట్లు చేస్తనని బేగం పాట పాడింది. ఉన్నయి పదమూడు. మనం ఎన్ని పడితే ఆమె ఓడుతది?"

"అయిదు."

"అయిదు. నీకు అయిదు కాదు, నాకు అయిదు కాదు. ఇద్దరికి కలిపి. నేను పెద్ద ముక్క ఏస్తే?"

"ఆ రంగే మళ్ళీ ఆడాలి."

"చిన్నదేస్తే?"

"ఆపేసి వేరే రంగు ఆడాలి."

"నోటికొచ్చింది. ఇందాక నీ కళావరు ఆసు మీద నేను రెండు ఏసిన. మళ్ళ కళావరే ఎందుకు ఆడినవ్?"

"మీరేం వేశారో చూళ్ళేదు. నా చేతిలోవే లెక్కపెట్టుకుంటున్నా."

"మరి నేనెవరు ఎదురుంగ? గోడకు కొట్టిన మేకునా?"

"అరవకండక్కా. ముక్కలు జారిపోతున్నాయి."

"గట్టిగ పట్టుకో. బేగంకు కనబడనియ్యకు."

"అసలిదేం పద్ధతి? మనిషి ప్రాణం పేకాట మీదా!"

"బేగం ఇంట్ల పైసల ఆట హరాం. గెలిచిన జోడీ ఒక్క మాట అడగొచ్చు, ఆమె కాదనదు. పోయిన నెల రోసమ్మ జోడీ కంట్రోలు చక్కెర అడిగిన్రు. బస్తా ఇంటికే వచ్చింది."

"చక్కెర! నేను మా అబ్బాయి జ్ఞానశేఖర్‌ని విడిపించమని అడగాలి."

"అడుగుదువు. ముందు గెలువు."

"రేపు పొద్దున్నే వాణ్ణి వేరే జైలుకి పంపేస్తున్నారు. ఏ ఊరో కూడా చెప్పడం లేదు. ఒళ్ళు పేలిపోయే జ్వరం. వర్క్‌షాపు మీద ఒక్క మూడురంగుల జెండా కట్టినందుకు... ఈ రాత్రి దాటితే వాణ్ణి మళ్ళీ చూస్తానా అక్కా?"

"చూస్తవ్. ఆడు."

"ఇదేంటి, నేను ఇస్పేటు ఆడితే మీరు డైమను వేశారు?"

"ఇస్పేట్లు లెవ్వు నాకు."

"ఉన్నాయి. ఇదిగో, డైమన్ల వెనక. మీరెప్పుడూ ఇలా తప్పు వెయ్యలేదే!"

"చూపు జెర మసకయింది."

"నిన్న ఆ బంగళాకి వెళ్ళారట."

"ఎవరన్నరు?"

"ఎదురింటి ఆలిస్ చూసిందట, మీరు గేట్లోంచి బయటికొస్తుంటే."

"జాకెట్టు కొలతలకు పోయిన."

"మీరు కుట్టేది చంటిపిల్లల గౌన్లు కదా."

"పెద్దోళ్ళయి సుత కుడుత. పంచు, టైమైతున్నది."

"అక్కా, ఎందుకెళ్ళారు?"

"పంచు."

"ఎందుకెళ్ళారు?"

"మా పిలగాడు మౌలా అలీ కోసం."

"మీవాడికేమైంది?"

"రజాకార్లు దళంల కలుపుకొని గుంజుకపోయిన్రు గదా. సరిహద్దుకు తోలుతున్నరని తెలిసింది. తుపాకి ఏ దిక్కు పట్టాల్నో తెల్వదు వానికి. ఆ దళానికి పెద్ద, బేగం సొంత తమ్ముడు. పోయి ఆమె కాళ్ళ మీద పడ్డ."

"ఏమంది?"

"విడిపిస్త అన్నది."

"ఊరికేనా?"

"నీళ్ళు తాగుతవా?"

"ఊరికేనా అక్కా?"

"పోయిన వారం ఇంకో జోడీ మీద ఒక్క పట్టుతోనే గెలిచిందట బేగం. మనతోని మాత్రం ఓడొద్దని... మనిద్దరం ముక్కలతోని ఎట్ల సైగ చేసుకుంటమో చెప్పమన్నది."

"చెప్పారా?"

"చెప్పిన."

"ఇదిగో మీ పేక!"

"ఇసిరికొట్టకు. ఉన్నది ఒక్కటే పేక."

"ఉంటే ఎంత, పోతే ఎంత! సైగ తెలిశాక మన చేతులు ఆవిడ ముందు పరిచినట్టేగా! రాణి ఎవరి దగ్గరుందో వీధిగుమ్మంలోంచే చెప్పేస్తుంది. పదిహేను రోజులుగా నాకు నేర్పింది ఇందుకా? మీవాడొచ్చాడా?"

"పొద్దుగాల్నే వచ్చిండు. గూడ్సు గార్డు గదా వాళ్ళబ్బ, తన పెట్టెల ఎక్కించుకొని కాజీపేట దాటించిండు, స్టేషన్ల కబురొచ్చింది."

"సంతోషం. మీవాడు గూడ్సు బండిలో, మావాడు సంకెళ్ళలో. అంతా చేసొచ్చి, ఆసెందుకు దాచావని నన్ను తిడుతున్నారా!"

"తిడుత. ఇప్పుడు సుత తిడుత. లే, మొకం కడుక్కో."

"నేను రాను."

"రావాలె."

"దేనికి? ఆవిడ నవ్వుతుంటే చూడ్డానికా? యేసయ్యా, వాడి మొహం ఎలా చూడను నేను!"

"మేబెల్, ఇటు చూడు. బేగం గూడ నమ్మకం కుదరక నాతోని రెండుసార్లు చెప్పిచ్చుకున్నది. నువ్వొక్కసారన్న అడుగవా, ఏమని చెప్పిన్నో?"

"ఏమని చెప్పారు?"

"ఉల్టా. పెద్దదేస్తే ఆపమని, చిన్నదేస్తే ఆడమని."