నాదేనన్న బొమ్మ

కాదు పిన్నీ, దొంగ ఒకడైతే తిట్లు నాకా? "ముంగిలా ఉన్నావేమే, ఏమైంది?" అని అడిగింది నువ్వే. తీరా చెప్పబోతే కసురుతావు. అయ్యో, నోట్లో గుండుసూదులు పెట్టుకుని మాట్లాడకు, మింగేస్తావు! తల ఊపు, చాలు. నేను స్టూలు మీద కదలకుండా నిలబడతాను. నువ్వు నా స్కర్టు అంచు సంగతి చూడు.

మీసాల మాస్టారు తెలుసుగా నీకు? అదే, కళ్ళజోడు పెట్టుకుని ఎలుకలకి పాఠాలు చెప్పే పిల్లి. బడి వదిలాక ఇక్కడికొచ్చి, అమ్మ డ్యూటీ నుంచి వచ్చేదాకా ఆ కిటికీ దగ్గర కూర్చుని గీస్తుంటానే, ఆ బొమ్మలు. నెట్‌లో పెడుతున్నాను. మా ఎనిమిదో క్లాసంతా చూస్తుంది. ఏడో క్లాసు వాళ్ళయితే పడి చస్తారనుకో.

పోయిన నెల కంప్యూటర్ మిస్ కాపీరైటు గురించి పాఠం చెప్పింది. "ఇంకొకరి బొమ్మ అడక్కుండా వాడుకోవడం తప్పని ఎవరనుకుంటున్నారు?" అంది. ఒక్క చెయ్యి లేస్తే ఒట్టు. "మరి మీ బొమ్మ ఎవరైనా వాడుకుంటే?" అంది. అబ్బ, చూడాలి నువ్వు! రెండు చేతులూ ఎత్తినవాళ్ళున్నారు. ఇంతకీ మిస్ తెరమీద చూపించిన తాళంకప్ప బొమ్మ మీద అడ్డంగా ఎవరిదో పేరు. "మిస్, దీన్ని అడిగే తీసుకున్నారా?" అన్నాను లేచి. నవ్వకు పిన్నీ, సూదులు!

మా లెక్క ఏమిటంటే, నెట్‌లో పెట్టింది ఊరందరిదీ. కింద "అసలువాళ్ళకి దండాలు" అని ఓ ముక్క పడేస్తే పాపం పోతుంది. నేనేం తక్కువ తిన్నానా? మాస్టారి వెనకాల కనిపించే బడి నేను గీసిందనుకున్నావా? ఎక్కడో దొరికింది, తెచ్చి అంటించాను.

కానీ మాస్టారు నాది కదా!

"అసలు యజమాని" అని పేరు పెట్టుకున్నవాడొకడు నా పిల్లిని తీసుకెళ్ళి తన పేజీలో పెట్టుకున్నాడు. ఆడో మగో, ఎవరికి తెలుసు? వాడంటున్నాను, అంతే. ఊరుకుంటానా? వెళ్ళి కడిగేశాను. వాడికి కోపమే రాలేదు పిన్నీ. ఎంత మర్యాదో! "ఇది నేను వేసింది పాపా. నువ్వు వేశావంటావా, నిరూపించు" అన్నాడు.

చిత్తు కాగితాలు ఫొటో తీసి పెట్టాను. "కాగితాలు ఎవరివైనా కావచ్చు" అన్నాడు. గీస్తుండగా వీడియో తీసి పెట్టాను, యూనిఫాం చొక్కా కనపడేలా. "చెయ్యి ఎవరిదైనా కావచ్చు. ఈ పిల్లిని ఎక్కడ చూసి వేశావో చూపించు, నమ్ముతాను" అన్నాడు. ఇదిగో, ఈ కిటికీలోంచి ఎదురు గోడ, గోడమీద పిల్లి, ఆ పక్కన నీలం నీళ్ళ ట్యాంకు, అన్నీ తీసి పెట్టాను. రోషం వచ్చింది మరి!

ఇక మావాళ్ళు సాక్ష్యాలకి ఎగబడ్డారు. "మా క్లాసు అమ్మాయే, మూడో బెంచీ" అని ఒకడు. ఒకత్తి బడి పేరు రాసేసింది. "బడి వదలగానే వాళ్ళ పిన్ని కుట్టే గదికి వెళ్తుంది, అక్కడే వేస్తుంది, నా కళ్ళతో చూశాను" అని నా ప్రాణస్నేహితురాలు. ఎంత ప్రేమో చూడు!

వాడు వెంటనే దిగొచ్చాడు. "సరే పాపా, నీదే. ఇక అనుమానం లేదు" అని బొమ్మ తీసేశాడు. గెలిచామని క్లాసులో బల్లలు విరిగేలా చరిచాం.

ఆగావేం? కానివ్వు, ఆ పక్క అంచు ఇంకా వేలాడుతోంది.

ఇవాళ పొద్దున వాడి పేజీలో కొత్త బొమ్మ. నా పిల్లే. అచ్చం నా గీతే. ఈసారి కింద నా పేరు కూడా వేశాడు, మర్యాదస్థుడు కదా! మాస్టారు కిటికీ గట్టు మీద కూర్చుని లోపలికి చూస్తోంది. లోపల స్టూలెక్కి నిలబడ్డ ఒక అమ్మాయి. ఆ అమ్మాయి ముందు కూర్చుని అంచు సరిచేస్తున్న ఒకావిడ. స్కర్టుకి ఒక పక్క కుట్టు ఊడదీసి ఉంది.

ఈ కుట్టు నువ్వు విప్పింది నిన్న సాయంత్రమే కదా పిన్నీ? సగంలో కరెంటు పోయిందని ఆపేశావు. నేను కిటికీకి ఎదురుగానే నిలబడ్డాను. కానీ ఫోన్ చూసుకుంటున్నాను.

వెనక్కి తిరక్కు! ఎవరూ లేరు. నేను చూస్తూనే ఉన్నాగా. గోడమీద పిల్లి కూడా లేదు.

పోలీసులా? వెళ్దాం. అమ్మకీ చెబుదాం. కానీ వాళ్ళు ముందు అడిగేదేమిటి? ఈ బొమ్మ ఎవరు వేశారనేగా?

చెప్తాను, కొట్టకూడదు మరి. బడికి వెళ్ళేసరికి అందరూ మీద పడ్డారు. "ఇంత బాగా వెయ్యడం వచ్చి ఇన్నాళ్ళూ దాచావటే దొంగా!" అని ఒకటే గొడవ. ఏడో క్లాసు పిల్లలు వచ్చి సంతకాలు పెట్టించుకున్నారు.  కాదనడానికి నోరు రాలేదు. నేనే వేశానన్నాను. అని ఊరుకున్నానా? దాని కింద రాశాను కూడా. "నిన్న మా పిన్ని దగ్గర నిలబడి ఉంటే ఈ ఆలోచన వచ్చింది" అని. వాడు చదివాడు. కింద ఓ దండం బొమ్మ పెట్టాడు, అంతే.

మొన్న నాదని నమ్మించడానికి నానా చావూ చచ్చాను. ఇప్పుడు నాది కాదంటే ఎవరు నమ్ముతారు చెప్పు?

ఎంత బాగా వేశాడో పిన్నీ! నువ్వెప్పుడూ కిటికీకి వీపు పెట్టే కూర్చుంటావు. నేను అక్కడ కూర్చున్నా బయటికే చూస్తుంటాను, నాకు తెలిసింది నీ ముఖమే. వాడు వెనకనించి వేశాడు. భుజం మీద జారిపోతున్న టేపు, వదులైన ముడి. ఆ ముడి కిందగా, మెడ మీద, నల్లగా ఓ పుట్టుమచ్చ. ఏదో మరక పడిందనుకుని ఫోన్ తెర తుడిచాను. పోలేదు.

నేనే వేశానన్నాను కదా, రేపెవరైనా అడిగితే నాకు తెలియాలిగా. ఇలా దగ్గరికి రా. తల వంచు. కదలకు, ముడి పైకెత్తనీ.

ఉంది పిన్నీ.