తాళం తిప్పని డ్రైవరు

తాతారావని ఒక లారీ డ్రైవరండి. ఎక్కడోడో కాదు, మన పంటకాలవ అవతలోడే అనుకోండి. మీరు కొబ్బరి పీచు ఒలుచుకుంటానే ఇనండి, చేతులాపకండి, మళ్ళీ పని తెమల్లేదని నన్నే అంటారు. ఈ తాతారావు లైను లారీ తోలేవోడంట. కొబ్బరికాయల లోడేసుకుని ఎక్కడెక్కడికో, మనకి పేరు కూడా నోరు తిరగని ఊళ్ళకి పోయేవోడు. పోతే మళ్ళీ ఎప్పుడొస్తాడో ఆడికీ తెలీదు, ఆడి పెళ్ళాం సత్తివేణికీ తెలీదు. చీకటడ్డాక వచ్చేవోడు, తెల్లారకుండానే పోయేవోడు. ఆళ్ళకో కూతురుంది, నూకాలని, అప్పుడప్పుడే మాటలొచ్చి గలగలా వాగే వయసు. ఏమైందంటే, ఓసారి ఈడు కమలాపళ్ళ సంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడేసరికి ఆ పిల్ల లోపలికి పరిగెత్తి, "అమ్మా, లారీ మావయ్యొచ్చేడే!" అందంట. సత్తివేణి నవ్వేసింది. ఈడూ నవ్వేడు. నవ్వేడు గానీ, ఆ పూట అన్నం ముద్ద గొంతు దిగలేదంట ఆడికి. కన్నకూతురు మావయ్యంటే ఏ మగోడికి దిగుద్దమ్మా అన్నం? నువ్వు నవ్వకే కాంతం, నీ మొగుడూ దుబాయెళ్ళొచ్చినోడే.

ఆ బెంగలో ఉండగా ఎవరో చెప్పేరంట. ఒరే తాతారావూ, సముద్రం ఒడ్డు ఊళ్ళ ఎంబడి రిగ్గులేసి చమురు తోడతన్నారు కదా, ఆ బావుల కాణ్ణించి ముడి చమురు మోసే ట్యాంకర్లకి డ్రైవర్లు కావాలంటరా, పొద్దున్నెళ్తే సాయంత్రానికి ఇంటికొచ్చేయొచ్చంటరా అని. అందులో ఈడికి ఇనపడ్డది "సాయంత్రానికి ఇంటికి" అన్న మాటొక్కటే. జీతవెంత, పనేంటి, ఏవీ అడగలేదు. ఇంటికొచ్చి సత్తివేణికి చెప్పేడు. ఆవిడింకేం మాట్టాడకుండా సంచీ సర్దేసింది. కొబ్బరికాయ, కర్పూరం, అగ్గిపెట్టి, రెండు నిమ్మకాయలు. డ్రైవర్ల సంగతి మీకు తెలిసిందే కదా. కొత్త బండెక్కేరంటే, హారతిచ్చి, కాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలెట్టి తొక్కించందే ముందుకి కదలరు. అందులో మన తాతారావు మరీని. హారతివ్వకుండా కొత్త బండి తాళం తిప్పనని పిల్ల నెత్తి మీద చెయ్యేసి ఒట్టెట్టుకున్నోడాడు. ఆ ఒట్టు గుర్తెట్టుకోండి, కథంతా దాని మీదే ఉంది.

సరే, ఎళ్ళేడు. చుట్టూ కంచె, పెద్ద గేటు, గేటు దగ్గర నెత్తిన పసుప్పచ్చ టోపీ ఎట్టుకుని ఒక కాపలా ఆయన. సంచీ ఇప్పమన్నాడంట. ఇప్పేడు. "అగ్గిపెట్టి ఇక్కడెట్టు." ఎట్టేడు. "బీడీలు." ఎట్టేడు. "సెల్లు." అదీ ఎట్టేడు. "ఈ తెల్లబిళ్ళలేంటి? కర్పూరవా? ఎట్టెట్టు, లోపల నిప్పన్న మాట పనికిరాదు." తాతారావుకి కాలూ చెయ్యీ ఆళ్ళేదు. "మరి హారతెలా ఇవ్వాలండీ?" అన్నాడంట. "హారతా? ఎవరికి?" "బండికండి." ఆ కాపలా ఆయన ఎన్నాళ్ళనించో గేటు కాసేడు గానీ, ఈ మాట ఆయన్నెవరూ అడగలేదు. సంచీలోకి తొంగి చూసేడు, "లోపల కాయలు గీయలు కొట్టడానికి లేదు, అదీ ఇక్కడుంచు. నిమ్మకాయలైతే మండవు కదా, అయ్యి తీసుకెళ్ళు" అన్నాడంట. డ్రైవరు పనికొచ్చి రెండు నిమ్మకాయలు చేత్తో పట్టుకుని లోపలికెళ్ళేడు మన తాతారావు. అనుకోండి మరి, ఎలా ఉండుంటాడో.

లోపల రేకుల పాకలో ఈడిలాంటోళ్ళే బోల్డుమంది కూచునున్నారంట. అందులో గంగరాజని ఒకడు, ఘాటు రోడ్డులో రాత్రంతా వెనక్కి తోలేనని ఒకటే కోతలు. ఒక్కొక్కళ్ళనే గోడ అవతలికి పిలుస్తన్నారు. పిలిచినోడు ఇలా ఎళ్ళి అలా వచ్చేస్తన్నాడు, మొహం మాడ్చుకుని. "ఏరా, బండి తోలేవా?" అంటే, "తోలనిస్తే కదా. తాళం తిప్పేను, అంతే, చాల్లే దిగమన్నారు." ఇంకోడెళ్ళేడు. "ఏవైందిరా?" "తాళం తిప్పేను, దిగమన్నారు." గంగరాజు మీసం దువ్వుకుని ఎళ్ళేడు. ఆడూ వచ్చేసేడు. "తాళం తిప్పేనండి బాబూ, దిగమన్నారు!" తాతారావు బుర్ర గిర్రున తిరిగిపోయిందంట. ఇదేం పనండీ? తోలే పనికి పిలిచేరు, తాళం తిప్పితే పొమ్మంటన్నారు. తిప్పకపోతే తోలడం రాదంటారు కదా! బండిలోనే ఏదైనా తేడా ఉందా? ఈళ్ళకి డ్రైవర్లు కావాలా, వొద్దా? ఎవర్నడిగినా ఎవరికీ తెలీదు. అందరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంటన్నారు.

ఇంతలో "తాతారావెవరప్పా?" అని పిలుపొచ్చింది. ఎళ్ళేడు. అక్కడ రెడ్డప్పగారని చిత్తూరు వైపాయన, సేఫ్టీ ఆఫీసరంట, చేతులు ఎనక్కి కట్టుకుని నిలబడున్నాడు. నవ్వడు, కసరడు. పక్కన ఇంత పొడుగు ట్యాంకరు. "ఆ బండి తీసకపోయి ఆ గోడ కాడ పెట్టప్పా" అన్నాడు. తాతారావు ఎక్కి కూచున్నాడు. తాళం మీద చెయ్యేసేడు. ఏసేడు గానీ, తిప్పలేకపోయేడంట. తిప్పితే అందరికీ అన్నట్టే దిగమంటారని ఒక పక్క. హారతివ్వలేదు, పిల్ల మీద ఒట్టుందని ఇంకో పక్క. ఒట్టు తప్పితే పిల్లకేవవుద్దోనని భయం, తప్పకపోతే ఆ పిల్లే జన్మంతా మావయ్యంటదని భయం. చెయ్యి తీసేడు. మళ్ళీ ఏసేడు. అప్పుడు ఈడికి ఏం తోచిందంటే, హారతి పళ్ళెం తెచ్చుకోలేనోళ్ళు గుడి చుట్టూ తిరిగి దణ్ణవెట్టుకుంటారు కదా, హారతి లేకపోతే ప్రదక్షిణమైనా చేద్దారి, ఒట్టులో సగమైనా నిలబడుద్ది అని. మెల్లిగా దిగేడు. దిగి, నిమ్మకాయలు పట్టుకుని, లోపల్లోపల ఆంజనేయస్వామిని తల్చుకుంటా బండి చుట్టూ బయల్దేరేడు.

ముందు చక్రం కింద నిమ్మకాయెడదారని వొంగేడు. వొంగేసరికి అక్కడ ముందే ఒక చెక్కముక్క ఎట్టుంది! ఓహో, మనం నిమ్మకాయెడతాం, ఈళ్ళు చెక్కెడతారు కావోసనుకున్నాడంట. ఆళ్ళదాన్ని తియ్యకూడదని నిమ్మకాయ చేతిలోనే ఉంచుకుని ముందుకెళ్ళేడు. ఎనక్కెళ్ళేసరికి ఇంకో విడ్డూరం. ట్యాంకరుకి ఒక క్లిప్పు తగిలించుంది, దానికో రాగితీగ, ఆ తీగెళ్ళి భూమిలో పాతిన ఇనపగుంజకి కట్టుంది. బాబోయ్, ఈళ్ళకి మనకంటే పట్టింపులెక్కువున్నాయే, బండికి ఏకంగా కంకణం కట్టేరే అనుకున్నాడు. పక్కోళ్ళు పూజ చేసి కట్టింది మనం ఊడపీకొచ్చా, తప్పు కదా? అంచేత రెడ్డప్పగారి దగ్గరికెళ్ళి, చేతులు జోడించి, "అయ్యా, తప్పుగా అనుకోకండి. చక్రాల కిందేదో ఎట్టేరు, ఎనకాల తీగ కట్టేరు. మీరు చెప్తే తీస్తాను, వొద్దంటే తియ్యను. అయ్యుండగా బండి కదపడం మంచిది కాదేమోనండి" అన్నాడంట.

రెడ్డప్పగారి కళ్ళు ఇంతయ్యేయి. "పొద్దుట్నించీ ఇంతమంది వచ్చిరి. ఒగడూ దిగి చుట్టూ సూడలేదు" అన్నాడంట. అప్పుడు చెప్పుకొచ్చేడు. చమురు పోసేటప్పుడు బండిలో కరెంటు పుడుతుందప్పా, అది నేలలోకి దిగిపోవాలని ఆ తీగ. బండి దొర్లకుండా ఆ చెక్క. అవి ఉండగా తాళం తిప్పినోడు ఏదో ఒగ దినం వాడూ కాలిపోతాడు, నన్నూ కాలుస్తాడు. ఇది ఖాళీ బండేలే, నిన్ను సూడాలనే పెట్టినాం. అడిగి తీస్తానన్నావే, అది ఇంకా బాగుండాది. నీకెవరు నేర్పించినారప్పా? అని. తాతారావు ఇరకాటంలో పడ్డాడు. నిజం చెప్తే ఏవంటాడో, అబద్ధం చెప్తే దేవుడేవంటాడో. చివరికి, "నాకవేవీ తెలీదండి. అగ్గిపెట్టి గేటు దగ్గర తీసేసుకున్నారండి. హారతి లేదని ప్రదక్షిణం చేస్తన్నానండి" అనేసేడు. అనేసి, ఇహ పోయింది పని, నూకాలికి నేను మావయ్యనే అని తల దించుకున్నాడంట. రెడ్డప్పగారు అప్పుడు నవ్వేడు, మొదటిసారి. "ఏ సామి పేరైనా చెప్పుకో, అది నీ ఇష్టం. తిరిగినావా లేదా, కింద సూసినావా లేదా, అదే నాకు గావాల్సింది. రేపట్నించి రా. దినామూ ఇట్లే తిరగాల" అన్నాడు. ఈడికి ఇంకా అయోమయవే. "మరి నిమ్మకాయలెట్టుకోవచ్చాండీ?" అన్నాడంట. "చెక్క తీసి పెట్టుకోప్పా." వచ్చేటప్పుడు తన సామాను తీసుకుని, గేటుకి దూరంగా పోయి బండేపు తిరిగి హారతిచ్చి, కాయ కొట్టి, ఒక చిప్ప తెచ్చి కాపలా ఆయన చేతిలో ఎట్టి, ఇంటిదారి పట్టేడు.

అక్కణ్ణించి రోజూ సాయంత్రం ఇంటికే. పిల్లకదీ అయోమయవే. మొదట్లో గుమ్మంలో అడ్డంగా నిలబడి, "నిన్నే కదా వచ్చేవు, మళ్ళీ వచ్చేవేంటి?" అనేదంట. తల్లి చాటుకెళ్ళి, "ఈయనెళ్ళడేంటే?" అని గుసగుసలు. ఈడు రాత్రి పూట పక్కలో పడుకోబెట్టుకుని, ఇలా తిరిగేనమ్మా, ఇలా తీగుందమ్మా, అయ్యా తియ్యమంటారా అనడిగేనమ్మా అని చెప్పిందే చెప్పేవోడు. ఆ పిల్ల ఊ కొడతా ఇనేది. ఇలా ఉండగా ఏమైందంటే, ఓ పొద్దున్నే ఈడు చెప్పులేసుకుంటంటే, నూకాలొచ్చి ఈడి చుట్టూ తిరగడం మొదలెట్టింది. ముందుకొచ్చి వొంగి కాళ్ళ కింద చూసింది. ఎనక్కెళ్ళింది. ఎళ్ళి ఆడి చొక్కా అంచు పిడికిట్లో గట్టిగా పట్టేసుకుంది. ఈడు నవ్వి గుమ్మం దాటబోయేడు. "చూసుకోవేంటి? ఎనకాల నేను తగులుకునున్నాను కదా. అడగాలి కదా నాన్నా" అందంట.

నాన్నా అంది. ఇన్నారా? తాతారావు ఉన్నోడున్నట్టు కూలబడిపోయేడు గుమ్మంలో. కళ్ళు తుడుచుకుని, చేతులు జోడించి, "అమ్మా, తియ్యమంటారా అండీ?" అనడిగేడు. ఆ పిల్ల బాగా ఆలోచించి, "తియ్యొద్దు" అందంట.

ఆరోజు పనికి ఆలస్యంగా ఎళ్ళేడు. ఎందుకింతసేపప్పా అని రెడ్డప్పగారంటే, "తీగ తియ్యనివ్వలేదండి" అన్నాడంట. ఆయనకేవర్థమైందో ఏవో, "సరే, పోయి బండి చుట్టూ తిరుగుప్పా" అన్నాడంట. ఆ ఉద్యోగం ఆంజనేయస్వామి ఇచ్చేడో, అగ్గిపెట్టి లాక్కున్న ఆ కాపలా ఆయన ఇచ్చేడో తాతారావుకి ఇప్పటికీ తెలీదు. నన్నడిగితే నాకూ తెలీదు. ఏవే కాంతం, కళ్ళు తుడుచుకున్నది చాలు గానీ, నీ కుప్పలో పీచు అలాగే ఉంది, ఒలుచు.