అత్త నెత్తిల పేన్లు

కదలకు అత్తా! కదలకని ఎన్నిసార్లు చెప్పాలె నీకు? దువ్వెన పండ్లు చెవికి గుచ్చుకున్నయంటే మళ్ళ నన్నే అంటరు, కోడలు సంపుతుందని. అనేటోళ్ళు ఇప్పటికే మస్తు మంది ఉన్నరు.

పొద్దున గా సిస్టరు వార్డు మొత్తం ఇనేటట్టు ఒర్రింది గద. "గంగుబాయి కోడలెవరు? ముసలామె నెత్తినిండ పేన్లు, పక్క మంచాలకు పాకుతున్నయ్, మందు రాసి దువ్వుతవా, మంచం బయట ఏపియ్యాల్నా?" అని. ఇజ్జత్ పోయింది నాది. నాయ్‌గావ్ డాక్టరు నాతోని గాదన్నడు, నాందేడ్ల ఇంత పెద్ద దవాఖానకు తెచ్చుకున్నం. దవడ ఇరిగి అచ్చినదానికి ఈడ గూడ పేన్ల ముచ్చటే ముంగట!

అగో, చెయ్యి లేపుతున్నవ్. ఏంది, నీళ్ళా? ఇప్పుడే గద పైపుతోని తాపిచ్చిన. పండ్లకు తీగ కట్టిన్రు, ఆరు వారాలు నోరు తెరవద్దన్నరు. పదకొండేండ్ల సంది నువ్వు మాట్లాడినవ్, నేను ఇన్న. ఆరు వారాలు నేను మాట్లాడ్త, నువ్వు ఇను.

సూడు, ఇదొకటి. ఎంత పెద్దదో సూడు, కడుపు నిండ తాగింది. గోరు మీద పెడ్తున్న... టక్! ఇన్నవా? గది నీ నెత్తురే.

అయితే ఇవి నీయి గావు. స్నేహల్ నెత్తికెల్లి అచ్చినయ్. ఒక్క బొంతల పండుకున్నరు గద, నాయినమ్మ మన్మరాలు, నాలుగు నెల్లు!

దీపావళి అయినంక చెరుకు కొట్టనీకె పోతిమి, నేను, నీ కొడుకు. చిన్నోడు వికాస్‌ను చంకలేసుకొని పోతిమి. మరి పిల్లను ఎందుకు ఇడిచిపెట్టినం? శాళ పోతదని. మూడో తరగతి, లెక్కలు మంచిగ చేస్తదని గురూజీ ఇంటికచ్చి చెప్పిండు. చదువు ఆగొద్దని నీ కాడ ఇడిచిపెడితే, నువ్వేం చేసినవ్?

హోలీ రెండు దినాలు ఉందనంగ లారీ దిగిన. దిగి ఉరుక్కుంట అచ్చిన, పిల్లకు ఎర్రగాజులు తెచ్చిన. గడప మీద కూసోబెట్టినవ్ దాన్ని. నొసలు నిండ పసుపు, నెత్తికి పచ్చగుడ్డ, ముంగట కొబ్బరికాయలు. తొమ్మిదేండ్ల పోరి, అమ్మను సూస్తే ఎగురుకుంట రావాల్నా వద్దా? రాలే. "ముట్టకు ఆయీ, నాకు జట అచ్చింది" అన్నది. నా బిడ్డ నన్ను ముట్టకన్నది అత్తా!

జటనట! పేన్లు కొరికి కొరికి నెత్తి పుండ్లయి, చీముకు ఎంటికెలు అతుక్కపోయి, కట్టె లెక్క గట్టిపడితే దానికి నువ్వు పెట్టిన పేరు జట. ఎల్లమ్మ తల్లే అచ్చి ఎంటికెలల్ల కూసున్నదట. దువ్వద్దట, కొయ్యద్దట, నీళ్ళు పొయ్యద్దట. శాళ బంద్. హోలీ పున్నమకు గుడికి తీస్కపోయి మెడల ముత్యాలు కట్టి దేవికి ఇడిచిపెడ్తరట. ఇగ దానికి చదువు లేదు, పెండ్లి లేదు, బతికినన్ని దినాలు జోలె పట్టుకొని ఊర్లు తిరుగుడే. ఇంకా రెండు దినాలే ఉండె అత్తా! లారీ రెండు దినాలు ఆలస్యమైతే?

గుడ్డ తీసిన. మెడ మీదికెల్లి వరుస పెట్టి దిగుతున్నయ్ పేన్లు. వాసన... చెరుకు తోటలల్ల ఎడ్ల మెడలకు పడ్డ పుండ్లు కడిగినదాన్ని నేను, నేనే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్న.

నువ్వు అడ్డమచ్చినవ్. రెండు చేతులు జాపి, "ముడితే కండ్లు పోతయ్, నీ వికాస్ పోతడు" అన్నవ్. పక్కింటి విమలాబాయి కొబ్బరికాయ పట్టుకొని ఆడనే కూసున్నది, ఆమె గూడ వద్దు పార్వతీ, వద్దు అన్నది. నీ కొడుకు ఏం చేసిండు? మూటల ముడులు ఇప్పుకుంట గోడ దిక్కు మొఖం పెట్టిండు. మొగోడు!

గా మూటలనే కోయితా ఉండె. చెరుకు కొట్టే కత్తి. నాలుగు నెల్లు నా చేతికి అదొక్కటే తెలుసు. గుంజి తీసిన. పిల్లను రెండు మోకాళ్ళ నడుమ ఒత్తిపట్టిన. ఒర్రింది, తన్నింది, కొరికింది. ఇగో, తొడ మీద పండ్ల గాట్లు ఇంకా మానలే. కోసిన. ఎంటికెలు గావు అత్తా అవి, చెరుకు గూడ గంత గట్టిగ ఉండదు. రుద్ది రుద్ది కోస్తే ఒక్కసారి ఊడి అచ్చింది, కొంచెం తోలుతోని అచ్చింది. కింద పురుగులు. తెల్లగ, మెసులుకుంట. నా బిడ్డ నెత్తి అది! నేను నూనె పెట్టిన నెత్తి!

నేను దాని నెత్తికి కొంగు అదిమి పట్టుకున్న. నెత్తురు ఆగుతలేదు. నువ్వు పిల్ల దిక్కు సూసినవా? సూడలే. వంగి, కింద పడ్డ గా ముద్దను తీసి, కండ్లకద్దుకున్నవ్. పిల్ల ప్రాణం పోతుంటే పేన్ల ముద్దకు దండం పెట్టినవ్!

కొట్టిన.

తానం చేసే కాడ జారి రాయి మీద పడ్డదని అందరికీ చెప్పిన, నీ కొడుకుతోని చెప్పిచ్చిన. కొట్టిన అత్తా. గదే కోయితాతోని. పదును దిక్కు గాదు, మొద్దు దిక్కు తగిలింది. నేనే తిప్పి కొట్టిన్నని వారం సంది నాకు నేను చెప్పుకుంటున్న. తిప్పిన్నా? చేతిల అట్లనే ఉండెనా? యాదికస్తలేదు. అంచు ఇటు ఉంటే ఇయ్యాల నీ నెత్తి దువ్వే పనే లేకుండె నాకు.

నీ దవడ పట్‌మన్నది. రెండు పండ్లు ఊడి పిల్లకు తెచ్చిన గాజుల మీద పడ్డయ్, గాజులు గూడ అప్పటికే పలిగి ఉన్నయ్. పండ్లేవో పెంకులేవో తెలువకుంట రెండు చేతులతోని ఏరిన. నీ చేతులకెల్లి గా ముద్ద గుంజుకపోయి పొయ్యిల ఏసిన. పటపటపట పేలినయ్ పేన్లు. గా చప్పుడు ఇంటుంటే పానం సల్లగయింది నాకు. నువ్వు ఈడ కింద పడి మూలుగుతున్నవ్, నేను ఆడ నిలబడి పేన్లు పేలుడు ఇంటున్న. అట్లాంటి దాన్ని నేను.

ఇగో ఇంకోటి. టక్.

ఏడుస్తున్నవా? ఏడ్వకు. ముక్కు మూసుకపోతే ఊపిరాడదన్నడు డాక్టరు. ఆగు, తుడుస్త.

నువ్వు కావాల్నని చెయ్యలేదు, నాకు తెల్వదా? నీ కండ్లకు పొర కమ్మింది, చేతులు వణుకుతయ్. దువ్వబోతే పిల్ల ఒర్రింది, పాపమని ఇడిచిపెట్టినవ్. దినం దినం ఇంత అతుక్కున్నది. కోడలు అచ్చి ఏమంటదో అని గుబులు పట్టింది. విమలాబాయి జట అనంగనే నీ మీదికెల్లి బరువు దిగింది. తప్పు నీది గాకుంట దేవిది అయింది. గంతే గద? తల ఊపు. ...ఆఁ. గంతే.

స్నేహల్ కింది అంతస్తుల, పిల్లల వార్డుల ఉన్నది. నెత్తంత పట్టీ. పుండ్లు మానుతయట, ఎంటికెలు ఒక్క కాడ రావట. నేను పోతే గోడకు అతుక్కపోతది. బువ్వ కలిపిన చెయ్యి జాపితే రెండు చేతులు నెత్తి మీద పెట్టుకుంటది. ఆజి ఏది, ఆజి ఎప్పుడస్తది అని అడుగుతది. నిన్ను అడుగుతుంది అత్తా, నన్ను గాదు. ఎవరి కోసం కోసిన నేను?

మొన్న పోలీసాయన అచ్చి నిన్ను అడిగిండు గద, "ఆజీ, జారి పడ్డవా, ఎవరన్న కొట్టిన్రా?" అని. నేను తలుపు కాడనే ఉన్న. చెప్తే చెప్పనియ్, పోతే పోయిన జైలుకు, పిల్ల దేవికి పోకుంట మిగిలింది చాలు అనుకున్న. నువ్వేం చేసినవ్? ఏం లేదు, ఏం లేదు అన్నట్టు చెయ్యి ఆడిచ్చినవ్. ఆయన దిక్కు సూడలే. నా దిక్కు సూసుకుంట ఆడిచ్చినవ్. గప్పటి సంది నాకు బువ్వ దిగుతలేదు. గందుకే ఇయ్యాల చెప్తున్న.

మేము పోయిన దినం. లారీ ఊరి బయట నిలబడి ఆరన్ మీద ఆరన్ కొడుతుండె. నేను స్నేహల్‌కు నూనె పెట్టి జడలేస్తున్న. పాపిట తీస్తుంటే రెండు పేన్లు కనబడ్డయ్. రెండే. చెవెనుక ఈర్లు ఉండె, నూకలు సల్లినట్టు. ఒక్క పూట కూసొని దువ్వితే ఒడుస్తుండె. నీ కొడుకు రావే, రావే అని మొత్తుకోబట్టె. జడలు గట్టిగ బిగిచ్చిన, రిబ్బన్లు కట్టిన.

నువ్వు ముంగట కూసొని ఉంటివి. నీకు పేన్లు కనబడలే గని నా చెయ్యి ఆగుడు కనబడ్డది. "ఏందే?" అన్నవ్.

"ఏం లేదత్తా" అన్న. అని పోయి లారీ ఎక్కిన.

మళ్ళొక్కసారి అడిగితే ఏం పోతుండె నీది? అప్పుడు నీ నోటికి తీగ లేకుండె. నా నోటికీ లేకుండె.

ఆఁ, తల ఈ దిక్కు తిప్పు. చెవెనుక ఇంకా ఉన్నయ్.