మెండాక్స్ నేతి కొట్టు

"ఒరే అప్పయ్యా, బోర్డు మీద అచ్చరాలు గుండ్రంగా రాయి. రేపు పొద్దున్నే కొట్టు తెరవాల. 'మెండాక్స్ నేతి కొట్టు, బరంపురం'. ఆ పేరెక్కడిదంటావా? అబ్బో, అదో పెద్ద కత. సిట్టమ్మా, అందరికీ టీ పొయ్యి. నీలమ్మా, నువ్వూ కూకో.

అప్పట్లో నేను గోపాల్‌పూర్‌లో దొరల బంగళాలకి నెయ్యి ఏసీవోణ్ణి. ఒక దొర పిల్లల కోసం మాయల కత రాస్తన్నాడు. అందులో సముద్రంలో ఓ రాకాసి. దానికి పేరు తట్టక దొర నెత్తి పట్టుకు కూకున్నాడు. నేను నేతి డబ్బా దించి, 'దొరా, లాటిన్ల నీటిని ఆక్వా అంటారు కదా, ఆక్వారస్ అని ఎట్టీండి' అన్నాను. దొర కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు."

"నీకు లాటిన్ ఎలా వచ్చింది, సావుకారూ?" అంది టీ కొట్టు చిట్టమ్మ.

"పాదిరీగారింట్లో నెయ్యి కాగీలోగా నేర్సీసుకున్నాను. మద్దిలో అడ్డురాకు. ఆ తర్వాత ఏటైందో తెలుసా? నిప్పుల కొండకి ఇగ్నిస్ అని, గాలి గుర్రానికి వెంటస్ అని, సీకటి రాజ్యానికి నాక్స్ అని వరసగా ఇచ్చీసేను. అన్నీ లాటినే. ఆ పేర్లకి పేణం వచ్చీసింది! దొర 'ఆక్వారస్' అని పైకి సదివాడో లేదో, సముద్రం మెట్లెక్కి వరండాలోకి వచ్చీసింది. దొరసాని బీరువా ఎక్కీసింది. నేను లాటిన్ల ఒక్క కసురు కసిరేను. ఎల్లిందీ ఎల్లడం, బర్మాలో రంగం దాకా ఎల్లిపోయింది! స్టీమరు ఇసకలో కూకుండిపోతే జనం మూటలెత్తుకుని రంగానికి నడిసే ఎల్లేరు. 'మా సముద్రం ఏదీ?' అని మద్రాసు నించి తంతి కూడా వచ్చింది."

"మా మావ ఆ స్టీమరు మీదే ఎల్లేడు. నడిసినట్టు సెప్పనే లేదే!" అన్నాడు అప్పయ్య, కుంచె రంగులో ముంచుతూ.

"సిగ్గుపడుంటాడు లేరా. అప్పుడు దొర నా సేతులు పట్టుకుని, 'కూర్మారావ్, ఈ కతలో అందరికన్నా పెద్ద రాచ్చసుడికి నీ గుర్తుగా పేరెడతాను' అన్నాడు. అదే మెండాక్స్! నాకోసం లాటిన్లోంచి తీసి మరీ పుట్టించిన పేరు. అర్థం ఏటంటే, మహావీరుడని. నా బతుకంతా ఈ కొట్టు మీదే ఎట్టీసేను. ఆ పేరే నన్ను నిలబెట్టాల."

ఆ బంగళాలోనే పదేళ్లు ఆయాగా చేసిన నీలమ్మ టీ గ్లాసు కింద పెట్టింది.

"బాబూ, దొర ఆ కత పిల్లలకి సదువుతుంటే నేను పక్కనే కూకునీదాన్ని. మెండాక్స్ అనీ రాచ్చసుడున్న మాట నిజమే. ఆడు నోరిప్పితే అబద్ధమే. పిల్లలు పొట్ట పట్టుకు నవ్వీవోరు. లాటిన్ల ఆ మాటకి అబద్ధాలకోరని అర్థమని దొరే సెప్పేడు. మీరు అచ్చమైన ఆవునెయ్యని డబ్బా దించి ఎల్లిన రోజే ఆ పేరు ఎట్టేడు."

కూర్మారావు మొహం మాడిపోయింది. "తుడు! తుడిసీరా, అప్పయ్యా!"

"ఉండనీండి బాబూ," అంది నీలమ్మ. "నెయ్యి కొనీవోళ్లకి ముందే సెప్పీడం మంచిదే కదా."